మా అత్త కాపాడిన సున్నపు గీత

మార్కాపురం పెద్ద బజారుకు కాపురానికి వచ్చిన కొత్తల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. ఈ బజారులో ఎవురు చెప్పిన మాటా పూర్తిగా నమ్మగూడదు. పెద్దారవీడు కాడ బస్సు టైరు పగిలిందని పొద్దున ఒక కబురు వచ్చేది. ఎండ ఎక్కేసరికి ఆ బస్సు బోల్తా పడేది. మధ్యాన్నానికి లోయలోకి దొర్లిపోయేది. సాయంత్రానికి అందులో ఉన్నోళ్ళందరూ చచ్చిపోయినారని ఆడోళ్ళు ముక్కులు చీదుకుంటా కూచునేవాళ్ళు. ఆ చచ్చిపోయినోళ్ళేమో దీపాలు పెట్టే యాళకు బస్సు దిగి, సంచులు మోసుకుంటా మా అరుగు ముందర నుంచే పోయేవాళ్ళు. "ఏందిరా, నువ్వు పోయినావంట గదా" అంటే తెల్లమొగం వేసేవాళ్ళు. కబురు తెచ్చినోనికి మాత్రం సిగ్గూ ఎగ్గూ ఉండేది కాదు. "పడలేదా? సరేలే, ఈసారికి తప్పింది" అనేవాడు, పడకపోవడం వాళ్ళ తప్పయినట్టు.

ఈ కబుర్లన్నిటికీ పుట్టిల్లు మా ఇంటికి ఎదురుగా ఉన్న కాఫీ హోటలు. నిన్నటి పేపరు ఈ రోజు మధ్యాన్నం రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, జట్కా ఎక్కి బజారుకు వచ్చేది. హోటలాయన గల్లాపెట్టె వెనకాల నిలబడి దాన్ని గట్టిగా చదివేవాడు. అందులో ఉండేది సగం చదివేవాడు, మిగతా సగం ఆయనే కలిపేవాడు. బజారంతా కాఫీ గ్లాసులు పట్టుకొని వినేది. మా అత్త కూడా దోసె తిరగేస్తా ఇవతల నుంచి ఒక చెవి అటు పెట్టేది.

మా అత్త దోసెలు పోసేది. మా ఇల్లంటే ఒక గది, దాని ముందర బజారులోకి బండలు పరిచిన అరుగు. ఆ అరుగు మీద మట్టి పొయ్యి, పొయ్యి మీద ఇనుప పెనం. కొడుకు పాలు తాగే వయసులోనే మొగుడు పోతే, ఆ పొయ్యి మీదనే కొడుకును పెంచి పెద్ద చేసింది, నన్ను కోడలిగా తెచ్చుకుంది. తెల్లారితే పలకల గనులకు పోయే కూలోళ్ళు, ఊళ్ళ నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులు, అడవి నుంచి తేనె తెచ్చినోళ్ళు ఆ అరుగు అంచున కూచొని ఎర్రకారం దోసెలు తినేవాళ్ళు. మా ఇంటాయన పలకల పనికి పోయేవాడు గానీ, ఆ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండేది కాదు. ఇల్లు నడిచింది పొయ్యి మీదనే. ఆ పొయ్యి ఆరితే మేము అడుక్కు తినాల్సిందే. ఇది బజారుకంతా తెలుసు, అందరికంటే ఎక్కువగా మా అత్తకు తెలుసు. అందుకే ఆమె చేసిన పనికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

మదరాసు నుంచి విడిపోయి మనకు కొత్త రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అయింది. అప్పుడు మాది కర్నూలు జిల్లానే, ఇంక మా హోటలాయన సంబరం చూడాలి! కృష్ణా నది అవతల నుంచి మంత్రులందరూ మన ఊరి మీదనే కర్నూలు పోతారంట, వాళ్ళ కార్లు పట్టాలంటే పెద్ద బజారు వెడల్పు చేస్తారంట, అరుగులన్నీ కొట్టేస్తారంట అని ఒక మధ్యాన్నం చదివినాడు. బస్సు లోయలో పడినట్టే ఇదీ ఉంటుందిలే అని అందరం నవ్వుకున్నాం. ఆ హోటలాయన పుట్టి బుద్ధెరిగినాక ఒక్కసారి నిజం చెప్పినాడు, అదీ మా నెత్తిన పడే నిజమే చెప్పినాడు.

రోడ్ల పని చూసే ఓవర్సీరు వచ్చినాడు. సన్నగా, ఎప్పుడూ చెమటలు కక్కుతా ఉండే మనిషి. ఇద్దరు కూలోళ్ళ చేత టేపు పట్టించి, సున్నం బకెట్టు మోయించి, బజారుకు ఇరుపక్కలా అరుగుల మీద పొడుగ్గా గీత గీయించినాడు. గీతకు బజారు వైపున్నది పగలగొడతారు, ఇంటి వైపున్నది ఉంటుంది. మా పక్కన బట్టల దుకాణం మామకు గీత గడప పక్కనే పడింది. అంటే ఆయన అరుగంతా పోయినట్టే. మాకు మాత్రం దేవుని దయ, గీత పొయ్యికి జానెడు అవతల పడింది. జనం కూచునే అంచు పోతుంది, పొయ్యి దక్కుతుంది.

"పొయ్యి ఉంటే చాలే. తినేటోళ్ళు నిలబడి తింటారు" అని మా అత్త చేతులెత్తి ఆకాశానికి దండం పెట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే ఓవర్సీరు లెక్క సరిచూసుకుందామని వచ్చి చూస్తే గీత లేదు. ఒక్క ఇంటి ముందర గాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా యాడా లేదు. బజారు బజారంతా శుభ్రంగా, తడితడిగా, ముగ్గులతో కళకళలాడతా ఉంది. ఎవురూ కావాలని చేయలేదు, నిజంగా చేయలేదు. తెల్లారితే ప్రతి ఆడది చేసే పనే అది. అరుగు పేడతో అలికి, ముందర కలాపి చల్లి, ముగ్గు పెట్టడం. గవర్నమెంటు గీత గీసిందని చేతులు ఊరుకుంటాయా?

"గీత యాడికి పోయింది?" అని ఓవర్సీరు నడిబజారులో నిలబడి అరిచినాడు.

"ఏ గీత సారూ?" అని నీళ్ళ బిందెతో పోతా ఉన్న ఒకామె నిజంగానే అడిగింది.

ఆయన మళ్ళీ గీయించినాడు. మళ్ళీ తెల్లారింది, మళ్ళీ పోయింది. మూడోసారి గీసినప్పుడు, "ఇళ్ళ ముందర కలాపి చల్లొద్దు, అరుగులు అలకొద్దు, ఇది ఆర్డరు" అన్నాడు. ఇంక చూడండి! ఆడోళ్ళందరూ చీపుర్లతోనే బయటికొచ్చినారు. "కలాపి చల్లకుండా ఉండేదానికి ఇది చావు జరిగిన ఇల్లా? నీ ఇంటి ముందర చల్లొద్దని నీ పెండ్లానికి చెప్పు పో!" అని దులిపేసినారు. చావు అయిన ఇంటి ముందర తప్ప కలాపి మానేది ఉండదు గదా మా కాడ. ఆయన టేపు చుట్టించుకొని పోయినాడు.

అప్పటికి బజారుకు తెలివి వచ్చింది. మొగోళ్ళందరూ కాఫీ హోటల్లో కూచొని తేల్చేసినారు. ఎవురూ ఎదురు తిరగాల్సిన పని లేదు, కేసుల్లేవు, గొడవల్లేవు, ఆడోళ్ళు రోజూ చేసే పని రోజూ చేస్తే చాలు. బట్టల దుకాణం మామ పెండ్లాం అయితే అంతకుముందు వారానికొకసారి అలికే అరుగును రెండు పూటలా అలకడం మొదలుపెట్టింది. చెరగని రంగు వేయొచ్చు గదా అని ఎవురో ఓవర్సీరును అడిగితే, "రంగు డబ్బా కావాలని కర్నూలుకు రాసినా, ఇంకా రాలేదు" అని ఏడవలేక నవ్వినాడు.

ఒక పొద్దున ఆయన మళ్ళీ గీత గీయించి, అలిసిపోయి మా అరుగు మీద కూలబడినాడు. మా అత్త దోసెలు వేసింది. తిన్నాడు, నీళ్ళు తాగినాడు, కొంచెం మెత్తబడి అన్నాడు.

"అవ్వా, ఈ బజారులో ఎవురికి చెప్పినా గోడకు చెప్పినట్టే ఉంది. నువ్వన్నా నీ అరుగు మీద గీత చెరపకుండా ఉంచు. నాకు మాట ఇయ్యి."

నేను లోపల పిండి రుబ్బుతా ఉన్నా. రోలు ఆపినా. వద్దు తల్లీ, వద్దు, ఊరికే తలకాయ ఊపి పంపించు అని మనసులో మొక్కుకుంటా ఉన్నా.

"ఇస్తాండా నాయనా. నా ప్రాణం ఉన్నంతవరకు ఈ గీత పోదు" అనింది మా అత్త.

నేను నెత్తిన కొట్టుకున్నా. ఆయన అదే మాట ఇంకెంతమందిని అడిగినాడో, అందరూ "అట్లే సారూ, అట్లే" అని పంపించినారు. మాట ఇచ్చినానని నిజంగా అనుకున్నది మా అత్త ఒక్కతే.

ఇంక మొదలైంది నాకు. కలాపి మానితే ఇంటికి అరిష్టం, చల్లితే మాట పోతుంది. అందుకని మా అత్త గీతకు అటు ఒక వేలెడు, ఇటు ఒక వేలెడు వదిలిపెట్టి, చంటిబిడ్డకు నీళ్ళు పోసినట్టు మెల్లగా అలికేది. అలికి ఊరుకుంటుందా? గీత పొడుగునా రెండు పక్కలా చుక్కలు పెట్టి, తీగ ముగ్గు వేసేది. కొంప ముంచే గీతకు సింగారం! దోసెలు తినేదానికి వచ్చిన రైతు ఎవురన్నా దాని మీద కూచుంటే, "లెయ్యి నాయనా, అది గవర్నమెంటుది, పక్కన కూచో" అని లేపేది. రోజూ వచ్చే పలకల కూలోళ్ళు కొందరు ఈ పోరు పడలేక వేరే చోటికి పోయినారు.

బజారు ఊరుకుంటుందా మరి? అవ్వకు ఓవర్సీరు నౌకరీ ఇచ్చినాడంట అన్నారు. మరుసటి రోజుకు నెలనెలా జీతమంట అన్నారు. వారం తిరిగేసరికి కర్నూలులో మాకు ఇల్లు కూడా ఇచ్చినారు. మా ఇంటాయనను పలకల పని కాడ "ఏమప్పా, ఎప్పుడు పోతాండారు కర్నూలుకు" అని అడిగినారంట. ఆయన ఒళ్ళంతా పలక దుమ్ముతో ఇంటికొచ్చి, నన్ను ఒకసారి, వాళ్ళ అమ్మను ఒకసారి చూసి, "మీ ఇద్దరి మధ్య నన్ను లాగొద్దు" అని చెంబు తీసుకొని దొడ్లోకి పోయినాడు. ఆయన ఎప్పుడూ అంతే.

ఒకరోజు నేనే మా అత్త కంటే ముందు లేచి, చీపురు, పేడనీళ్ళు పట్టుకొని అరుగు మీదకు పోయినా. వంగినానో లేదో వెనకాల నుంచి వినపడింది.

"చీపురు కింద పెట్టు."

"అత్తా, బజారంతా చెరిపేసుకుంది. మనది ఒక్కటే మిగిలింది. రేపు కొట్టేదానికి వస్తే మనది ఒక్కటే కొడతారు. అంత చిన్న సంగతి నీకెందుకు తలకెక్కదు?"

"కొట్టనీ. అంచు పోతాది, అంతే గదా. పొయ్యి మిగులుతాది గదా."

"అందరివీ మిగిలినప్పుడు మనది మాత్రం ఎందుకు పోవాల?"

"వాళ్ళు మాట ఇయ్యలే. నేను ఇచ్చినా" అని నా చేతిలో చీపురు తీసుకొని, ఎప్పటిమాదిరే వేలెడు వదిలిపెట్టి అలకడం మొదలుపెట్టింది. చెవిలో ఇల్లు కట్టుకొని పోరినా ఇంతే అని ఆ రోజుకు నాకు తెలిసిపోయింది.

నా మొర దేవుడు విన్నాడేమో, వాన పడింది. మా కాడ వానలే తక్కువ, అట్లాంటిది అరుగుల మీద నీళ్ళు కాలువలు కట్టినట్టు పడింది. తెరిపిచ్చినాక చూస్తే గీత లేదు, ముగ్గు లేదు, బండలు కడిగిన గిన్నెల్లాగా ఉన్నాయి. ఆ పూట నేను పాటలు పాడుకుంటా అన్నం వండినా. మేము చెరపలేదు, మాట తప్పలేదు, వాన చెరిపింది. ఇంక పీడ పోయింది అనుకున్నా.

పొద్దున లేచి అరుగు మీదకు వస్తే తెల్లగా మెరుస్తా ఉంది గీత. మా అత్త ముగ్గుపిండితో మళ్ళీ గీసింది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, వంకర లేకుండా. చేతులు దులుపుకుంటా పక్కనే నిలబడి ఉంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. అంతలో ఇంకొకటి చూసినా. గీత పొయ్యికి ఇవతల ఉంది.

"అత్తా! గీత ఇక్కడ గాదు! పొయ్యికి అవతల జానెడు దూరంలో గదా ఉండేది! పొయ్యి బజారు వైపుకు పోయింది గదా!"

"నాకు సరిగ్గా గుర్తు లేదే. వానకు ఆనవాలే లేకుండా పోయింది."

"నాకు గుర్తుంది!"

"నీకు కావాల్సినట్టు నీకు గుర్తుంటాదిలే."

"గుర్తు లేకపోతే ఇంకొంచెం అటే గీయొచ్చు గదా? ఇటే గీయాలని ఉందా?"

మా అత్త నా మొగంలోకి చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అటు జరిపితే దొంగతనమైతాది. ఇటు జరిపితే ఎవురేమంటారు?"

చెరిపి సరైన చోట గీస్తానంటే అడ్డం కూచుంది. బట్టల దుకాణం మామను పిలిచి, "నువ్వన్నా చెప్పు మామా, గీత యాడుండేదో నీకు తెలుసు గదా" అన్నా. ఆయన దుకాణంలో నుంచి తొంగి చూసి, "మీ ఇంటి సంగతి మీరు చూసుకోవాలమ్మా" అని గుడ్డ కొలవడానికి లోపలికి పోయినాడు.

కొట్టేదానికి వచ్చినారు. గడ్డపారలు పట్టుకొని కూలోళ్ళు, ముందర ఓవర్సీరు. ఈ కొస నుంచి నడుచుకుంటా వచ్చినారు. ఒక్క అరుగు మీద గీత లేదు. అన్నీ అప్పుడే అలికిన తడితో ఉన్నాయి. దుకాణాల వాళ్ళు దండాలు పెడతా, "గీతా? గీసినారా సారూ? మేము చూడలే" అంటా ఉన్నారు. గీత ఉన్నకాడికి కొట్టాలనేది ఆర్డరు, గీత లేనికాడ ఏం కొడతాడు? అట్ల నడిచి నడిచి మా ఇంటి ముందర ఆగినాడు. ఆగి, వంగి గీతను చూసినాడు.

"ఇంత లోపలికి గీసినానా నేను?"

"లేదు సారూ! పొయ్యికి అవతల గీసినారు. జానెడు అవతల!" అని నేను బజారంతా వినపడేటట్టు అరిచినా.

ఆయన మా అత్త వైపు తిరిగినాడు. "అవ్వా, ఇది నేను గీసిన గీతేనా?"

"నువ్వు గీసింది వానకు పోయింది నాయనా. ఇది నేను గీసింది" అనింది మా అత్త.

"మరి నేను గీసింది సరిగ్గా యాడుండే?"

"నాకు గుర్తు లేదు నాయనా. నీకే తెలియాల."

ఆయనకు తెలీదు. అన్నిసార్లు గీసి, ఏ ఇంటి కాడ ఎంతో ఆయనకు మాత్రం యాడ గుర్తుంటుంది? టేపు పట్టి మళ్ళీ కొలవండి సారూ అన్నా. మళ్ళీ కొలవాలంటే బజారు మొత్తం కొలవాలన్నాడు. చుట్టూ జనం మూగినారు. బట్టల దుకాణం మామ ఆయన అరుగు మీదనే, మాకు రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. మా గీత యాడుండేదో ఆయనకు తెలుసు. ఎందుకంటే అదే గీత ఆయన అరుగు మీదకు పోయేది. నోరు తెరిస్తే ఆ మాట ఆయన గడప దాకా పోతుంది. తెరవలేదు. ఊరి కబుర్లన్నీ కల్పించే హోటలాయన కూడా ఆ పూట ఒక్క మాట కల్పించలేదు. బస్సులను లోయలో పడేసే నోరు అది, జానెడు దూరం చెప్పలేకపోయింది.

"గీత ఉన్నకాడికి కొట్టండి" అన్నాడు ఓవర్సీరు, మా వైపు చూడకుండా.

మా అత్త "ఒక్క నిమిషం నాయనా" అని పెనం దించి లోపల పెట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసింది. ఆ పొయ్యి పగటిపూట ఆరగా నేను చూడడం అదే మొదలు. తరవాత గడ్డపారలు లేచినాయి.

మిగతావి వచ్చే వారం మళ్ళీ గీసి కొడతామని చెప్పి ఓవర్సీరు పోయినాడు. ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. తరవాత ఒక మధ్యాన్నం హోటలాయన పేపరు చదివినాడు, తెలంగాణం కూడా కలిసిపోతా ఉంది, రాజధాని హైదరాబాదుకు పోతా ఉంది అని. ఎవురూ నమ్మలేదు. ఖర్మ, అదీ నిజమే అయింది. ఓవర్సీరుకు బదిలీ అయింది. ఏ మంత్రి కారూ మా బజారులోకి రాలేదు. ఆయన పోయినాక ఆఫీసుకు రంగు డబ్బా మాత్రం వచ్చిందంట. ఇది హోటలాయన చెప్పిన మాట, ఎంతవరకు నమ్మాలో నాకు తెలీదు.

బజారులో అరుగులన్నీ యాడివి ఆడనే ఉన్నాయి. మధ్యలో మాది ఒక్కటి పన్ను ఊడిన నోరు మాదిరి ఉండేది. మా అత్త గది లోపల పొయ్యి పెట్టింది. పొగకు కండ్లు కనపడేవి కాదు, లోపలికొచ్చి తినేదానికి ఎవురూ వచ్చేవాళ్ళు కాదు. రుబ్బిన పిండి పులిసిపోయేది. మా ఇంటాయనకు అప్పుడే పలకల పని కూడా ఆగిపోయింది. పూటకు పూట ఎట్ల గడుస్తుందో అని నాకు నిద్ర పట్టేది కాదు, ఈమె మాత్రం మాట నిలబెట్టుకున్న దానిలాగా గుర్రు పెట్టేది.

అప్పుడు వచ్చినాడు బట్టల దుకాణం మామ. చేతులు నలుపుకుంటా మా గడప కాడ నిలబడినాడు.

"అక్కా, నా అరుగు ఈ పక్క ఖాళీగానే ఉంది. నీ పొయ్యి తెచ్చి ఆడ పెట్టుకో. నువ్వు ఉన్నన్నాళ్ళూ అది నీదే."

నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. కోపమంతా ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. మా అత్త ఆయనను చూసి, ఆయన అరుగును చూసి, ఎగతాళి లేకుండా, ఎత్తిపొడుపు లేకుండా, ఉన్న మాట చెప్పినట్టే చెప్పింది.

"అది గవర్నమెంటుది గదా తమ్ముడా. నీ గడప కాడికి గీసినారు గదా."

మామ మొగంలో నెత్తురు చుక్క లేదు. తల దించుకొని పోయినాడు.

"నువ్వు మనిషివా, రాయివా? రేప్పొద్దున ఏం తింటాం? నీ గవర్నమెంటు వచ్చి పెడతాదా?" అని నేను ఆ పూట ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచినా. అరిచి, పెనం చంకన పెట్టుకొని, నేనే పోయి మామ అరుగు మీద పొయ్యి వేసినా. గవర్నమెంటు అడిగితే నేను చెప్పుకుంటానని బజారు మధ్యలో నిలబడి అందరికీ వినపడేటట్టు చెప్పినా. తెల్లారి దోసెలు పోసినా. పలకల కూలోళ్ళు వచ్చినారు. "అవ్వ దోసెల మాదిరి లేవు" అన్నారు. తిన్నారు మాత్రం కడుపు నిండా తిన్నారు.

ఇల్లు మళ్ళీ నిలబడింది. మా అత్త నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. తెల్లవారుజామున లేచి నా కంటే ముందే పిండి రుబ్బేది, చట్నీ నూరేది. కానీ ఆమె ఉన్నన్నాళ్ళూ ఒక్కసారన్నా ఆ అరుగు మీద కాలు పెట్టలేదు. పిండి గిన్నె రెండు చేతులతో పట్టుకొని మా గోడ వారగా వచ్చి, మామ గడప పక్కన, ఎప్పుడో చెరిగిపోయిన ఆ గీత ఉన్న చోట ఆగి, దానికి ఇవతలే కింద పెట్టేది. నేను చెయ్యి చాచినా అందించేది కాదు. రోజూ పొయ్యి కాడ నుంచి లేచి వచ్చి నేనే తీసుకునేదాన్ని.